పెరటి చెట్టూ, పరాయి రిపోర్టరూ

మా తాతయ్యకి ఒక అలవాటుండేది. రోజూ సాయంత్రం ఆకాశవాణి వార్తలు వినేవాడు, అవి అయిపోగానే రేడియో ముల్లు తిప్పి, గరగరల మధ్య బీబీసీ పట్టుకుని దాదాపు అవే వార్తలు మళ్ళీ వినేవాడు. రెండోసారి ఎందుకు తాతయ్యా అంటే "మనవాళ్ళు చెప్పింది విన్నాంగా, ఇప్పుడు నిజమో కాదో వినొద్దూ" అనేవాడు. ఈయన క్విట్ ఇండియా రోజుల్లో స్కూలు ఎగ్గొట్టి ఊరేగింపుకి పోయి వీపు వాచేలా దెబ్బలు తిన్న మనిషి. తెల్లవాణ్ణి పొమ్మని అరిచినాయనే, వార్త నిజమా కాదా అన్నదానికి మాత్రం తెల్లవాడి గొంతు కోసం చూసేవాడు. అప్పట్లో మాకది నవ్వులాట.

ఇప్పుడు నవ్వు రావట్లేదు. ఈమధ్య కొన్ని నెలలుగా, వలస ప్రభుత్వాలు బయటి దేశాల పేపర్లలో తమ పేరు ఎలా కాపాడుకున్నాయి అన్నదాని మీద దొరికిందల్లా చదువుతున్నా. మొదలుపెట్టినప్పుడు ఏమనుకున్నానంటే, ఇదంతా అబద్ధాల కథ, నిజాలు దాచిపెట్టిన కథ అని. చదివే కొద్దీ అది చాలా చిన్న భాగమేమో అనిపించింది. నిజం దాచడం వాళ్ళకి చాలాసార్లు కుదర్లేదు కూడా. కుదిరిందల్లా ఇంకొకటి, ఎవరు చెప్తే అది వార్త, ఎవరు చెప్తే అది గోల అన్నది వాళ్ళే తేల్చి పెట్టారు. పెరటి చెట్టు మందుకి పనికిరాదన్న మాట ఊళ్ళో ఉన్నదే, వీళ్ళు దాన్ని ఒక పాలసీ కింద నడిపారు.

ధరాసనా సంగతి తీసుకోండి. 1930 మే 21, ఉప్పు సత్యాగ్రహం రోజులు. అప్పటికి గాంధీ అరెస్టయిపోయాడు, ఆయన తర్వాత నడపాల్సిన అబ్బాస్ త్యాబ్జీ కూడా అరెస్టయ్యాడు, సరోజినీ నాయుడు ముందుండి దాదాపు 2500 మందిని గుజరాత్ తీరంలోని ధరాసనా ఉప్పు డిపో మీదికి నడిపించింది. వరసలు వరసలుగా వెళ్ళడం, పోలీసులు ఇనప పొన్ను తొడిగిన లాఠీలతో తలల మీద కొట్టడం, పడిపోయినవాళ్ళని మోసుకెళ్ళడం, ఇంకో వరస రావడం. చెయ్యెత్తి అడ్డుపెట్టుకున్నవాడు కూడా లేడు. ఇదంతా చూసినవాళ్ళలో యునైటెడ్ ప్రెస్ అనే అమెరికన్ ఏజెన్సీ రిపోర్టర్ వెబ్ మిల్లర్ ఉన్నాడు. తాత్కాలిక ఆసుపత్రి షెడ్డులోకి వెళ్ళి తనే లెక్కపెట్టుకున్నాడు, గాయపడ్డవాళ్ళు 320 మంది, చనిపోయినవాళ్ళు ఇద్దరు.

రాసి టెలిగ్రాం ఇచ్చాడు. టెలిగ్రాం కదల్లేదు. గవర్నమెంటు ఆఫీసరెవరూ వచ్చి ఇది పంపం అని చెప్పలేదు, అదీ తమాషా, ఊరికే ఆగిపోయింది. ఆయనకి విషయం తెలిసి, ఇక్కణ్ణుంచి పంపకపోతే విమానమెక్కి పర్షియా పోయి అక్కణ్ణుంచి పంపుకుంటా అని బెదిరించాక గానీ వదల్లేదు. వదిలాక ప్రపంచంలో 1350 పేపర్లలో వచ్చింది. జాన్ బ్లెయిన్ అనే సెనేటర్ పుణ్యమా అని అమెరికన్ సెనేట్ రికార్డుల్లోకి కూడా ఎక్కింది.

అదే ధరాసనా గురించి వైస్రాయ్ ఇర్విన్ తన రాజుగారికి రాసిన ఉత్తరంలో, ఆ ఉప్పు డిపో భీకర యుద్ధాల కథనాలు చదివి తమరికి నవ్వొచ్చే ఉంటుంది, పోలీసులు చాలాసేపు ఓపిక పట్టారు, ఇక కుదరక కాస్త గట్టిగా పోవాల్సొచ్చింది, కొందరికి చిన్న చిన్న దెబ్బలు తగిలాయి, అన్న ధోరణిలో రాశాడు. ఇది పేపర్ల కోసం రాసింది కాదు, వాళ్ళలో వాళ్ళు రాసుకున్నది. అందుకే నాకు ప్రకటనల కన్నా ఇది ముఖ్యం. బయటికి చెప్పే కథని వీళ్ళు లోపల కూడా అలాగే చెప్పుకునేవాళ్ళు, నటిస్తున్నామన్న ఎరుక కూడా పోయి ఉంటుంది.

మిల్లర్ కన్నా ముందు ఎవరూ రాయలేదా అంటే, ఆ నెలల్లో మన పేపర్లన్నీ రాస్తూనే ఉన్నాయి. లాఠీ దెబ్బల లెక్కలు, అరెస్టుల లెక్కలు, పేర్లతో సహా. 1930లోనే ఒక ఆర్డినెన్సు తెచ్చి పేపర్ల దగ్గర డిపాజిట్లు అడిగారు, కట్టలేనివి మూతబడ్డాయి. మిల్లర్‌ని జైల్లో పెట్టలేదు. డిపాజిట్ అడగలేదు. టెలిగ్రాం ఆపి చూశారు, ఆగకపోయేసరికి వదిలేశారు. మన ఎడిటర్‌కీ ఆ రిపోర్టర్‌కీ మధ్య తేడా ధైర్యంలో లేదు, వాళ్ళు రాసినదాన్ని ఎవరు చదువుతారన్న దాంట్లో ఉంది. అమెరికా వాళ్ళు చదువుతారు. మొదటి ప్రపంచ యుద్ధం అప్పులు ఇంకా అమెరికాకే కడుతున్న బ్రిటన్‌కి అమెరికా వాడేమనుకుంటున్నాడన్నది చిన్న విషయం కాదు మరి.

ఇక్కడ కొంచెం తీగల సంగతి చెప్పాలి, లేకపోతే ఒక అమెరికన్ ఏజెన్సీ టెలిగ్రాంకి అంత విలువెందుకో అర్థం కాదు. 1870లో లండన్ రాయిటర్స్, పారిస్ హవాస్, బెర్లిన్ వోల్ఫ్ కూర్చుని ప్రపంచాన్ని వార్తల కోసం పంచుకున్నాయి, అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు. బ్రిటిష్ సామ్రాజ్యం రాయిటర్స్ వాటా. అమెరికాలో అసోసియేటెడ్ ప్రెస్ తర్వాత ఈ కూటమిలో చేరింది. అంటే మన దేశంలో ఏం జరిగినా, అసోసియేటెడ్ ప్రెస్ మీద ఆధారపడ్డ అమెరికన్ పేపర్‌కి అది చాలావరకు లండన్ మీదుగా, రాయిటర్స్ వడబోసి పంపితేనే తెలిసేది. 1934 దాకా ఈ ఏర్పాటు నడిచింది. ఇక దేశం లోపల అసోసియేటెడ్ ప్రెస్ ఆఫ్ ఇండియా అని ఒకటుండేది, పేరు చూస్తే మనదే అనిపిస్తుంది, కేసీ రాయ్ అనే మనాయన మొదలుపెట్టిందే, తర్వాత అదీ రాయిటర్స్ చేతిలోకి పోయింది. రాయిటర్స్ గవర్నమెంటు సంస్థ కాదు, ఆ మాట నిజమే. కానీ లండన్‌లో కూర్చున్న బ్రిటిష్ కంపెనీ, బ్రిటిష్ కేబుళ్ళ మీద, బ్రిటిష్ ఆఫీసర్లు చెప్పిన సమాచారంతో బతుకుతుంటే దాన్ని కొత్తగా ఎవరైనా కొనాలా? 1885 టెలిగ్రాఫ్ చట్టం 5వ సెక్షన్ కింద ఏ సందేశాన్నైనా ఆపడానికి గవర్నమెంటుకి అధికారం ఉండనే ఉంది. (ఆ చట్టాన్ని మనం 2023లో కొత్త టెలికాం చట్టం వచ్చేదాకా వాడుకున్నాం, అది వేరే ఏడుపు.)

యునైటెడ్ ప్రెస్ ఈ కూటమి బయటి ఏజెన్సీ. అసోసియేటెడ్ ప్రెస్‌కి పోటీగా 1907లో పుట్టింది, లండన్ వడబోసిన నీళ్ళు తాగాల్సిన అవసరం లేదు, తన మనిషిని తనే పంపింది. ధరాసనా బయటికొచ్చిందంటే మిల్లర్ మంచివాడు కాబట్టి అని మాత్రమే అనుకుంటే సగం కథే, ఇద్దరు అమెరికన్ వ్యాపారుల పోటీ మిగతా సగం.

ఇంకో పదకొండేళ్ళు వెనక్కి పోదాం. 1919 ఏప్రిల్ 13, జలియన్‌వాలా బాగ్. పది నిమిషాలు, 1650 తూటాలు, గవర్నమెంటు ఒప్పుకున్న చావులే 379. రెండ్రోజుల్లో మార్షల్ లా, పేపర్ల మీద సెన్సార్, పంజాబ్‌లోకి బయటివాళ్ళు రాకుండా కట్టడి. బొంబాయి క్రానికల్ ఎడిటర్ బీజీ హార్నిమన్ ఇంగ్లీషువాడే, కానీ మనవైపు రాసేవాడు, ఆయన్ని ఆ నెల్లోనే ఓడెక్కించి ఇంగ్లండ్‌కి పంపేశారు. మే చివర్లో టాగోర్ సర్ బిరుదు వద్దని వైస్రాయ్‌కి ఉత్తరం రాశాడు, నోబెల్ వచ్చిన మనిషి. అయినా లండన్‌లో పెద్దగా కదలిక లేదు.

ఎప్పుడు వచ్చిందంటే డిసెంబర్లో. ఎనిమిది నెలల తర్వాత. గవర్నమెంటు విచారణకి వేసిన హంటర్ కమిటీ ముందు, కాల్పులు జరిపించిన జనరల్ డయ్యరే స్వయంగా, అవును జనం కనిపించగానే కాల్చాను, చెదిరిపోయేదాకా కాల్చాను, సందు వెడల్పుగా ఉండి సాయుధ కార్లు లోపలికి పట్టి ఉంటే మెషిన్‌గన్లు కూడా వాడేవాణ్ణేమో అని చెప్పుకున్న మాటలు లండన్ పేపర్లకి చేరాయి. అప్పుడు అక్కడి జనం ఉలిక్కిపడ్డారు. అంటే చూడండి, కొడుకుల్ని పోగొట్టుకున్న అమృత్‌సర్ తల్లులు ఎనిమిది నెలలు చెప్పింది ఆరోపణ. చంపినవాడు ఒక పూట చెప్పింది వాస్తవం. నేను ఇది చదివినప్పుడు లేచి కాసేపు బయటికెళ్ళి తిరిగొచ్చాను, నిజంగా. ఆ తర్వాత కూడా మార్నింగ్ పోస్ట్ అనే పేపరు ఆ డయ్యర్ కోసం చందాలు వసూలు చేసి 26 వేల పౌండ్లు కూడబెట్టింది, ఆ ముక్క కూడా మర్చిపోకూడదు.

1919 దెబ్బ తర్వాత గవర్నమెంటు పాఠం నేర్చుకుంది, కాకపోతే మనం అనుకునే పాఠం కాదు. కాల్పులు మానాలని కాదు, ప్రచారం పద్ధతిగా చెయ్యాలని. ఢిల్లీలో సెంట్రల్ బ్యూరో ఆఫ్ ఇన్ఫర్మేషన్ పెట్టి, అలహాబాద్‌లో చరిత్ర ప్రొఫెసర్‌గా ఉన్న రష్‌బ్రూక్ విలియమ్స్‌ని దాని మీద కూర్చోబెట్టారు. ఏటా పార్లమెంటుకి ఇచ్చే బండ రిపోర్టుని ఆయన చక్కగా చదివించే పుస్తకంలా రాసేవాడు. న్యూయార్క్‌లో 1920లో బ్రిటిష్ లైబ్రరీ ఆఫ్ ఇన్ఫర్మేషన్ తెరిచారు. పేరు లైబ్రరీ. అమెరికన్ ఎడిటర్‌కి ఇండియా గురించి ఏదైనా లెక్క కావాలంటే సిద్ధంగా, టైపు చేసి, మర్యాదగా ఇచ్చే చోటు. అబద్ధం ఇవ్వరు. రైళ్ళ మైళ్ళు, కాలువల ఎకరాలు, కులాల సంఖ్య, భాషల సంఖ్య, హిందూ ముస్లిం గొడవల సంఖ్య, అన్నీ నిజం లెక్కలే, ఏది పక్కన ఏది పెట్టాలన్నది మాత్రం వాళ్ళిష్టం.

ఈ పద్ధతికి పరాకాష్ఠ కేథరిన్ మేయో. అమెరికన్ రచయిత్రి, అంతకుముందే ఫిలిప్పీన్స్‌కి స్వాతంత్ర్యం వద్దని ఒక పుస్తకం రాసిన మనిషి. 1925 చివర్లో ఇండియా వచ్చి కొన్ని నెలలు తిరిగి 1927లో మదర్ ఇండియా అని వేసింది, బాల్య వివాహాలు, పురిటి చావులు, మురికి, అంటరానితనం. బ్రిటిష్ అధికారులు ఆమెకి తెరవెనక ఎంత సాయం చేశారో తర్వాత ఆమె సొంత కాగితాల్లోనే బయటపడింది. గాంధీ దాన్ని మురిక్కాలవల ఇన్‌స్పెక్టర్ రిపోర్టు అన్నాడు, లాలా లజపతిరాయ్ ఏకంగా పుస్తకమే రాశాడు జవాబుగా, దేశమంతా ఊగిపోయింది.

ఇక్కడ నేను మనవాళ్ళ కోపంతో పూర్తిగా కలవలేను. ఆవిడ రాసిన వాటిలో బాల్య వివాహాలు అబద్ధమా? అంటరానితనం అబద్ధమా? కాదే. ఆ మాటకొస్తే కందుకూరి వీరేశలింగం ఆవిడ చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచే ఇలాంటివాటిని తెలుగులో ఏకిపారేస్తున్నాడు, 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం చేయించి ఊరి తిట్లన్నీ తిన్నాడు. తేడా ఎక్కడంటే, వీరేశలింగం చెప్పినప్పుడు అది 'మన ఇల్లు మనం బాగుచేసుకుందాం' అన్న మాట. మేయో చెప్పినప్పుడు అదే నిజం 'వీళ్ళ ఇల్లు వీళ్ళకి అప్పగించకండి' అన్న మాటైపోయింది. సైమన్ కమిషన్ వేసిన ఏడాది అది, ఎప్పుడొచ్చిందో కూడా చూడాలి. అమెరికన్ పాఠకుడికి వీరేశలింగం ఎవరో తెలీదు, తెలిసే దారి లేదు, ఈ దేశంలో ఈ దురాచారాల మీద పోరాడేది దొరలు మాత్రమే అనే అతను అనుకుంటాడు. నిజానికి పెళ్ళి వయసు పెంచే బిల్లుల్ని గవర్నమెంటు ఏళ్ళ తరబడి నాన్చింది, 1929లో శారదా చట్టం తెచ్చింది హరబిలాస్ శారదా అనే మన మెంబరు.

ఇదంతా ఇంగ్లీషువాళ్ళ తెలివి అనుకునేరు. ఈ విద్యలో అందరికన్నా ముందున్నవాడు బెల్జియం రాజు లియోపోల్డ్. కాంగోని 1885 నుంచి తన సొంత ఆస్తిలా ఏలాడు, రబ్బరు కోసం ఊళ్ళకి ఊళ్ళు తగలబెట్టించాడు, చేతులు నరికించారు ఆయన సైనికులు. మిషనరీలు ఫొటోలు తీశారు, ఈడీ మోరెల్ అనే షిప్పింగ్ గుమాస్తా ఓడల లెక్కలు చూసి, అక్కణ్ణుంచి రబ్బరు వస్తోంది, ఇక్కణ్ణుంచి తుపాకులే పోతున్నాయి, ఇది వ్యాపారం కాదు అని పట్టుకున్నాడు, 1904లో బ్రిటిష్ కాన్సుల్ కేస్‌మెంట్ రిపోర్టు వచ్చింది. అప్పుడు లియోపోల్డ్ రహస్యంగా ఒక ప్రెస్ బ్యూరో పెట్టాడు. కాంగో గురించిన సత్యం అనే అర్థమొచ్చే పేరుతో మూడు భాషల్లో ఒక పత్రిక, యూరప్ రైళ్ళల్లో ప్రయాణికుల చేతికి అందేది. అమెరికాలో కొవాల్‌స్కీ అనే లాయర్‌ని లాబీయింగ్‌కి పెట్టుకున్నాడు, ఆ లాయర్ ఉత్తరాలు కాస్తా 1906లో హర్‌స్ట్ పేపర్ చేతికి చిక్కి రోజుల తరబడి మొదటి పేజీల్లో పడ్డాయనుకోండి, అది ఆయన ఖర్మ.

కానీ వాటన్నిటికన్నా నన్ను ఆపేసింది ఒక చిన్న ట్రిక్కు. ఒత్తిడి తట్టుకోలేక లియోపోల్డే ముగ్గురు జడ్జీలతో కమిషన్ వేశాడు, తనకి అనుకూలంగా రాస్తారనుకున్నాడు, వాళ్ళు కాంగో వెళ్ళి చూసి దురాగతాలు నిజమేనని రాసేశారు. 1905 నవంబర్లో రిపోర్టు రావాలి. సరిగ్గా అది బయటికి రావడానికి ముందురోజు ఇంగ్లండ్ పేపర్లకి ఒక కవరు అందింది, రిపోర్టు పూర్తి ప్రామాణిక సారాంశం అని, ఇంగ్లీషులో, వెస్ట్ ఆఫ్రికన్ మిషనరీ అసోసియేషన్ పేరుతో. మిషనరీలు కదా ఇన్నాళ్ళూ లియోపోల్డ్‌ని తిట్టింది, వాళ్ళే పంపారంటే నమ్మకూడదా? పైగా అసలు రిపోర్టు ఫ్రెంచిలో, లావుగా ఉంది, రేపు పొద్దున పేపర్ వెయ్యాలి. చాలామంది ఎడిటర్లు ఆ సారాంశమే అచ్చేశారు. కొన్నాళ్ళకి ఎవరో అనుమానమొచ్చి పోల్చి చూస్తే ఆ సారాంశానికీ రిపోర్టుకీ పొంతన లేదు, ఆ అసోసియేషన్ అడ్రసు వెతుక్కుంటూ పోతే అక్కడ చెప్పుకోదగ్గ అసోసియేషనేమీ లేదు.

ఎడిటర్లకి ఆయన లంచమివ్వలేదు, సెన్సార్ చెయ్యలేదు. వాళ్ళ బద్ధకాన్ని, వాళ్ళ డెడ్‌లైన్‌ని అంచనా వేశాడు, అంతే. ఈ రోజుల్లో ప్రెస్‌నోట్ యథాతథంగా వేసేవాళ్ళని చూసినప్పుడల్లా నాకు ఆ కవరు గుర్తొస్తుంది.

ఆ కమిషన్ ముందుకి వందల మంది ఆఫ్రికన్లు వచ్చి సాక్ష్యం చెప్పారు. లొంటులు అనే ఒక పెద్దాయన 110 పుల్లలు తెచ్చి జడ్జీల ముందు బల్ల మీద పేర్చాడు, రబ్బరు కోసం తన జనంలో చంపబడ్డ ఒక్కొక్కళ్ళకీ ఒక్కొక్క పుల్ల. ఇది పెద్దవాళ్ళకి, ఇది ఆడవాళ్ళకి, ఇది పిల్లలకి అని వేరు చేసి మరీ. జడ్జీలు విన్నారు, రాసుకున్నారు. రిపోర్టు అచ్చయింది గానీ, ఈ సాక్ష్యాలు అచ్చవ్వలేదు. బ్రస్సెల్స్ ఆర్కైవ్‌లో తాళమేసి పెట్టారు, 1980ల దాకా ఎవరికీ చూపించలేదు. లియోపోల్డ్‌కి వ్యతిరేకంగా రాసిన రిపోర్టులో కూడా మాట జడ్జీలదే, పుల్లలు పేర్చినవాడిది కాదు.

ఇంక మాటల సంగతి. దీని మీద ఎక్కువ రాయను, ఇది ఇప్పటికే చాలామందికి తెలిసిందే. ఇండోనేషియా మీదికి 1947లోనూ 48లోనూ సైన్యాన్ని పంపిన డచ్చివాళ్ళు వాటిని పోలీసు చర్యలన్నారు (మనకీ ఒక పోలీసు చర్య ఉందిలెండి, తెలంగాణ వాళ్ళనడగండి). అల్జీరియాలో ఎనిమిదేళ్ళు నడిచినదాన్ని యుద్ధం అని ఫ్రాన్స్ చట్టపరంగా ఒప్పుకుంది 1999లో. మన్యంలో అల్లూరి సీతారామరాజు 1922 నుంచి రెండేళ్ళు దళాలకి దళాల్ని తిప్పలు పెడితే గవర్నమెంటు కాగితాల్లో అది ఫితూరీ. యుద్ధం అంటే రెండు పక్షాలుంటాయి, ఫితూరీ అంటే ఒక గవర్నమెంటు, కొందరు అల్లరివాళ్ళు. పేరు పెట్టిన రోజే బయటి రిపోర్టర్‌కి రావాల్సిన అవసరం సగం తగ్గిపోతుంది, అల్లరి చూడ్డానికి న్యూయార్క్ నుంచి ఎవరొస్తారు?

వీటిలో నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం కెన్యా, అక్కడ బ్రిటిష్‌వాళ్ళు ఖైదీల్ని పెట్టిన హోలా క్యాంపు. 1959 మార్చి 3న పని చెయ్యం అన్న ఖైదీల్ని కొట్టి 11 మందిని చంపేశారు. గవర్నమెంటు ప్రకటనలో ఏం చెప్పారంటే, నీళ్ళ బండి దగ్గర నీళ్ళు తాగాక చనిపోయారని. గమనించండి, నీళ్ళల్లో విషముందని అనలేదు. నీళ్ళు తాగారు, తర్వాత చనిపోయారు. ఎండ, నీళ్ళు, చావు, చదివేవాడు మిగతాది తనే పూరించుకుంటాడు. నిజంగా నీళ్ళు తాగే ఉంటారు కూడా, దెబ్బలు తిన్నవాడికి దాహమేస్తుంది. పోస్ట్‌మార్టంలో దెబ్బలు బయటపడ్డాక కథ తిరగబడింది, లండన్ పార్లమెంటులో పెద్ద గొడవైంది, అది వేరే విషయం. ఆ వాక్యం రాసిన గుమాస్తా ఎవరో గానీ వాడి పనితనం తల్చుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

దీనికి ఎదురువాదం ఒకటుంది, నా స్నేహితుడొకడు ఎప్పుడూ ఇదే అంటాడు. "నువ్వు చెప్పినవన్నీ చివరికి బయటికొచ్చాయిగా, మిల్లర్ టెలిగ్రాం వెళ్ళింది, డయ్యర్‌ని పార్లమెంటులో కడిగారు, హోలా మీద వాళ్ళ ఎంపీలే కొట్టుకున్నారు, ఇంకో నియంత కింద అయితే ఇవేవీ వచ్చేవి కావు, వాళ్ళ వ్యవస్థలో ఆ మాత్రం నిజాయితీ ఉంది" అని. కాదనలేను. ఉంది. నాకున్న పేచీ ఏంటంటే ఆ నిజాయితీ తలుపు ఎవరికోసం తెరిచారు అన్నది. మేం విమర్శ సహిస్తాం అని చూపించుకోవడం కూడా ఆ ఇమేజ్‌లో భాగమే, దానికి కొంత విమర్శ నిజంగానే సహించాలి. ఆ కోటా అంతా సొంతవాళ్ళకీ, తమతో సమానమనుకున్నవాళ్ళకీ పోయేది.

మన గాడిచర్ల హరిసర్వోత్తమరావుని చూడండి. 1908లో తిరునల్వేలిలో పోలీసులు జనం మీద కాల్పులు జరిపితే, బెజవాడ నుంచి వచ్చే స్వరాజ్య అనే తెలుగు వారపత్రికలో దొరల్ని క్రూరమైన పులితో పోల్చి ఒక వ్యాసం వేశాడు. రాజద్రోహం కేసు. కింది కోర్టు వేసిన శిక్ష చాల్లేదని గవర్నమెంటే పైకోర్టుకి పోయి మూడేళ్ళు చేయించింది. జైల్లో కాళ్ళకి గొలుసులు. ఒక తెలుగు వారపత్రిక ఎంతమంది చదివి ఉంటారు ఆ రోజుల్లో? ఆ కొద్దిమందిని చూసి అంత భయం, 1350 పేపర్లలో రాసినవాడికి మాత్రం మర్యాద. ఇది వైరుధ్యం కాదని నాకు ఇప్పుడు అర్థమైంది. ఇంటి లోపల కావల్సింది భయం, బయట కావల్సింది పేరు, రెండూ ఒకే ఆఫీసు నడిపించింది.

గాంధీకి ఇదంతా అందరికన్నా బాగా తెలుసు. 1930 ఏప్రిల్ 5న దండి చేరగానే ఆయన తన చేత్తో ఇంగ్లీషులో రాసిచ్చిన ఒక్క వాక్యంలో, బలానికీ న్యాయానికీ మధ్య ఈ పోరులో నాకు ప్రపంచ సానుభూతి కావాలి అన్నాడు. గుజరాతీలో రాయలేదు. 24 రోజులు నడిచింది ఉప్పు కోసమే అయితే సబర్మతి నుంచి రైల్లో పోయుండొచ్చు. నడక మొదలయ్యే సరికే విదేశీ రిపోర్టర్లు, కెమెరాలు ఉన్నాయి, ఆ ఫిల్ములు ఇక్కడ ఆడనివ్వకుండా ప్రొవిన్షియల్ గవర్నమెంట్లు నిషేధించాయి. అంతకుముందు లజపతిరాయ్ న్యూయార్క్‌లో మకాం పెట్టి 1917లో హోమ్‌రూల్ లీగ్ నడిపాడు, పత్రిక తెచ్చాడు. 1945లో శాన్‌ఫ్రాన్సిస్కోలో, ఐక్యరాజ్యసమితి పెట్టడానికి జరిగిన సభలో, గవర్నమెంటు తరఫున వచ్చిన ఇండియా ప్రతినిధి బృందం లోపల కూర్చుంటే విజయలక్ష్మీ పండిట్ బయట నిలబడి, వీళ్ళు మా ప్రతినిధులు కాదని రిపోర్టర్లకి చెప్పింది. మనవాళ్ళు ఆట నేర్చుకున్నారు, బాగా ఆడారు కూడా. కానీ ఆట రూల్సు ఎదుటివాడివే. సాక్షి బయటివాడై ఉండాలి అన్న రూలుని మనమూ ఒప్పుకుని ఆడాం, ఆడక తప్పలేదు. మా తాతయ్య రేడియో ముల్లు అక్కడే ఇరుక్కుందనుకుంటా. ధరాసనాని కూడా మనలో చాలామంది చూసింది 1982లో ఒక ఇంగ్లీషు దర్శకుడు తీసిన 'గాంధీ' సినిమాలో, అందులో లాఠీ దెబ్బలు చూసి ఫోన్లో వార్త చెప్పేది కూడా ఒక అమెరికన్ రిపోర్టరే, వెబ్ మిల్లర్ పేరు మార్చి.

చివరగా 1943 బెంగాల్. యుద్ధం రోజులు, సెన్సార్ గట్టిగా ఉంది, గవర్నమెంటు కరువుని కరువని అధికారికంగా ప్రకటించనే లేదు, ప్రకటిస్తే ఫామిన్ కోడ్ ప్రకారం తిండి పెట్టాల్సిన బాధ్యత నెత్తినపడుతుంది. కలకత్తా ఫుట్‌పాత్‌ల మీద జనం చచ్చిపోతున్నారు. స్టేట్స్‌మన్ పేపర్ ఎడిటర్ ఇయాన్ స్టీఫెన్స్, ఇంగ్లీషువాడు, అక్షరాల మీదున్నంత పట్టు ఫొటోల మీద లేదని కనిపెట్టి ఆగస్టు 22న ఆ శవాల, అస్థిపంజరాల ఫొటోలు వేసేశాడు. ఢిల్లీలో, లండన్‌లో, వాషింగ్టన్‌లో చేతులు మారాయి ఆ ఫొటోలు. అక్కడితో బయటి ప్రపంచం దృష్టిలో కరువు మొదలైంది, అప్పటికి నెలల తరబడి చస్తున్నా. గొప్ప పని చేశాడు, నేను తక్కువ చెయ్యను, దానివల్ల ఎన్ని ప్రాణాలు మిగిలాయో.

అదే ఏడాది నవంబర్లో చిత్తప్రసాద్ అనే బెంగాలీ చిత్రకారుడు మిడ్నపూర్ జిల్లా కాలినడకన తిరిగాడు. ఇంకుతో బొమ్మలు గీసి, ఎవరిది ఏ ఊరు, ఇంట్లో ఎవరెవరు పోయారు, ఏం అమ్ముకున్నారు అని వాళ్ళ పేర్లతో సహా కింద రాసుకొచ్చి ఒక చిన్న పుస్తకంగా వేశాడు. 5000 కాపీలు. గవర్నమెంటు పట్టుకుని తగలబెట్టింది. ఒక్క కాపీ వాళ్ళింట్లో వాళ్ళ దగ్గర మిగిలింది.